కొసరుగా వచ్చిన పదకొండో మనిషి

దయ్యాలను నమ్మే అలవాటు మా వంశంలో లేదు. తెనాలిలో మాది కిరాణా కొట్టు. తూకానికి రానిదేదీ మా నాన్న లెక్కలోకి తీసుకునేవాడు కాదు. నేనిక్కడ ఆక్లాండ్ పక్కన పాపకూర అనే ఊళ్ళో డైరీ నడుపుతున్నాను. పాలు, బ్రెడ్డు, చాక్లెట్లు అమ్మే చిన్న కొట్టును న్యూజిలాండులో అలాగే అంటారు. కాబట్టి దీన్ని ఒక కొట్టువాడి సాక్ష్యం అనుకోండి.

మా ఆవిడ శారద నర్సు. ఆర్కిటిక్ సముద్రంలో తెల్ల తిమింగలాలను కళ్ళారా చూడాలని ఎనిమిదేళ్ళుగా ఆమె కోరిక. ఎనిమిదేళ్ళూ నేను 'వచ్చే ఏడు' అంటూ నెట్టుకొచ్చాను. చివరికి పోయిన ఆగస్టులో ఓడెక్కాం. కెనడా ఉత్తర తీరం వెంట, అక్కడి మూలవాసులైన ఇన్యూట్‌ల పల్లెల్లో ఆగుతూ వెళ్ళే ఓడ అది. ఎక్కడా బేరమాడనని శారద ముందే నా చేత ఒట్టు వేయించుకుంది.

మూడో రోజు ఒక పల్లెలో దిగాం. ఒడ్డున ఒక పెద్దావిడ రాతిబొమ్మలు అమ్ముతోంది. మనవరాలు పక్కన నిలబడి మాటలు ఇంగ్లీషులోకి మార్చి చెబుతోంది. ఒక రాతి పక్షి నచ్చింది. ఒట్టు ప్రకారం చెప్పిన ధర చెప్పినట్టే ఇచ్చేశాను. ఇచ్చి, కొసరు అడిగాను.

కొసరు బేరం కాదు కదా, ఆచారం. మా ఊళ్ళో కూరలు కొని కరివేపాకు కొసరు తేనివాడికి ఇంట్లో మర్యాద దక్కదు.

పెద్దావిడ నన్ను ఎగాదిగా చూసి, పెద్దగా నవ్వి, పక్షిని చెక్కగా మిగిలిన నల్లరాయి ముక్క ఒకటి నా చేతిలో పెట్టింది.

అక్కణ్ణుంచి మమ్మల్ని రబ్బరు పడవలో తిమింగలాలుండే వైపు తీసుకెళ్ళాలి. మధ్యాహ్నానికి మంచు కమ్ముతుందట, ఆలోపు తిరిగొచ్చెయ్యాలి. పడవ కదిలేముందు గైడు ఒక్కొక్కరి భుజం తట్టి లెక్కపెడతాడు. వచ్చేటప్పుడు పదిమందిమి.

ఇప్పుడు పదకొండు వచ్చింది.

మళ్ళీ లెక్కపెట్టాడు. పదకొండే. తనను కూడా కలుపుకున్నాడేమో అనుకున్నాను, కలుపుకోలేదట. పేర్లు పిలిస్తే పదిమందే పలికారు. నేనూ లెక్కపెట్టాను. రూపాయి తేడా వచ్చినా కొట్టు కట్టనివ్వని ఇంట్లో పెరిగినవాణ్ణి, నాకూ పదకొండే వచ్చింది. ఎవరు ఎక్కువో మాత్రం తెలియలేదు. అన్నీ చూసిన ముఖాలే.

లెక్క తేలేదాకా పడవ కదలదన్నాడు గైడు. మిగతా పడవలు వెళ్ళిపోయాయి. దూరాన మంచు కమ్ముతోంది. శారద కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఏమండీ, మీరు కొసరడిగాకే కదా మనిషి పెరిగింది! ఆ రాయి వెనక్కిచ్చేసి రండి."

"రాయికీ మనిషికీ సంబంధం ఏంటే?"

"ఎనిమిదేళ్ళండీ!"

లైఫ్ జాకెట్టుతోనే పరిగెత్తాను. పెద్దావిడ తల అడ్డంగా ఊపింది.

"ఇచ్చింది వెనక్కి తీసుకోదట," అంది మనవరాలు.

అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు. మా నాన్న కొట్లో వేలాడిన బోర్డు భూగోళం చుట్టొచ్చి నా నెత్తిన పడింది. అప్పుడు బుర్ర పనిచేసింది. కొసరు పేరు పోవాలంటే దాన్ని కొనాలి. అమ్ముతారా అని అడిగాను. పక్షి కంటే ఎక్కువ చెప్పింది. కొసరైనా అడక్కుండా, నోరెత్తకుండా ఇచ్చాను. నా జీవితంలో అదే మొదటిసారి.

తిరిగొచ్చి కూర్చున్నాను. గైడు భుజాలు తట్టాడు. పది.

తిమింగలాలు కనిపించాయి. ఒకటి మా పడవ పక్కనే తెల్లటి వీపు పైకి తేల్చింది. శారద నా చెయ్యి పట్టుకుని చిన్నపిల్లలా ఏడ్చింది.

ఆక్లాండ్ ఎయిర్‌పోర్టులో, బయటి మట్టీ విత్తనాలూ దేశంలోకి రాకుండా తనిఖీ చేసే బయోసెక్యూరిటీ అమ్మాయి పక్షినీ రాయినీ తిప్పి చూసి, మట్టి లేదని తిరిగిచ్చింది. తర్వాత విమానంలో మేం నింపిన అరైవల్ కార్డులు చూసింది.

"రెండే ఉన్నాయి. మీతో వచ్చిన ఆయనదేది?"

వెనక్కి తిరిగి చూశాం. ఎవరూ లేరు.

"డబ్బిచ్చి కొన్నారుగా, ఇంక మనవాడే. పదండి," అంది శారద.

ఆ గైడుకూ ఈ అమ్మాయికీ పరిచయం లేదు. నా లెక్క తప్పదు. ఇదేమిటో నాకిప్పటికీ అంతుపట్టలేదు. రాయి కొట్లో గల్లా పక్కనే ఉంది. ఎవరైనా కొసరడిగితే ఇచ్చేద్దామని ఎదురుచూస్తున్నాను.

ఏం లాభం, ఈ దేశంలో కొసరడిగే నాథుడే లేడు.