పర్ణశాల దారిలో, ఒక్క ఫొటో సరిచేస్తే అన్నీ కుదిరిన రోజు

పర్ణశాల దగ్గరి అడవి పల్లెలో టీచరుగా చేసే నా స్నేహితురాలు సుజాత ఫోన్ చేసింది. "ఫొటోలు తీసేటోళ్లు ఇక్కడికి చానామంది వస్తరు. తీస్కపోతరు, మళ్ల కనబడరు. నువ్వొచ్చి, తీసిన రోజే చేతికియ్యగలవా?" అంది. సరేనన్నాను.

ఆదివారం తెల్లవారకముందే ఖమ్మంలో భద్రాచలం బస్సెక్కాను. కొత్తగూడెం మీదుగా మూడు గంటలకు పైనే పట్టింది. బస్టాండు బయట టిఫిన్ చేసి, లక్ష్మయ్య అనే ఆయన ఆటోను సాయంత్రం దాకా పన్నెండు వందలకు మాట్లాడుకున్నాను. దుమ్ముగూడెం రోడ్డు పట్టుకుని, పర్ణశాల చేరకముందే అడవి దారిలోకి తిరిగాం.

పల్లెలో నీలం టార్పాలిన్ పందిరి కింద ఒక్కో కుటుంబం వచ్చి కూర్చుంటుంటే ఫొటోలు తీస్తూ పోయాను. ఆడుకుంటున్న పిల్లలను మాత్రం బయట ఎండలో తీశాను. చివరగా కన్నమ్మ, ఆమె కూతురు సునీత వచ్చారు. సునీత మర్నాడే నర్సింగ్ చదువుకు ఖమ్మం హాస్టల్‌కు పోతోంది. "ఇద్దరం కలిసి దిగిన ఫొటో ఒక్కటి లేదమ్మా. రేపు ఇది పోతది. ఇయ్యాలనే ఇస్తవా?" అని అడిగింది కన్నమ్మ.

సుజాత ఇంట్లో ల్యాప్‌టాప్ తెరిచేసరికి నాకు నీరసం వచ్చింది. టార్పాలిన్ వల్ల పందిరి కింద అందరి ముఖాలూ నీలంగా ఉన్నాయి. "జల్దీ కానియ్యమ్మా, ఆదివారం గదా, భద్రాచలంల ప్రింట్లు తీసే స్టూడియో మూడింటికే షట్టర్ దించుతరు" అన్నాడు లక్ష్మయ్య. ఒక్కో ఫొటో సరిచేస్తూ కూర్చుంటే అయ్యే పని కాదు. అయితే కుటుంబాలన్నీ కూర్చున్నది ఒకే నీడలో. అందుకని కన్నమ్మ ఫొటో ఒక్కటే తీసుకుని, నీలం తగ్గించి, వెలుతురు పెంచి సునీతకు చూపించాను.

"మా అమ్మ ఇంకొంచెం నలుపు అక్కా. తెల్లగ చెయ్యకు."

వెలుతురు కాస్త దించాను. "అవ్, గిట్లనే ఉంటది" అని నవ్వింది. ఆ సెట్టింగులను కాపీ చేసి ఫొటోలన్నిటికీ ఒకేసారి పేస్ట్ చేశాను. పందిరి ఫొటోలు కుదిరాయి. ఎండలో తీసినవి మాత్రం పసుపుపచ్చగా మారాయి. వాటిలో ఒకదాన్ని విడిగా సరిచేసి, మిగతావాటికి అదే వాడాను. సుజాత అన్నం వార్చేలోపు పని ముగిసింది. లక్ష్మయ్య ఆటోలో భద్రాచలం పోయి, స్టూడియో మూసేలోపే ప్రింట్లు తీయించుకుని మళ్లీ పల్లెకు వచ్చాం.

సాయంత్రం కన్నమ్మ తన ఫొటోను చాలాసేపు చూసుకుని సునీత చేతిలో పెట్టింది. "నువ్వే తీస్కపో బిడ్డా. నాకు ఇల్లుంది, నువ్వు తిరిగిన జాగలున్నయి." అదే ఫొటో ఇంకోటి కూడా తెచ్చానని ఆమెకు తెలియదు. కవర్లోంచి తీసి ఇచ్చాను. ఆమె నా చెయ్యి పట్టుకుంది.

ఇదివరకు తిరుగు బస్సుల్లో తలెత్తకుండా ఫొటోలు దిద్దుతూ కూర్చునేదాన్ని. ఈసారి గోదావరి వంతెన దాటేటప్పుడు కిటికీలోంచి నీళ్లను చూశాను. మీరూ ఇలా వెళితే ఒక్కటి గుర్తుంచుకోండి: ఒకే వెలుతురులో తీసినవన్నీ ఒకచోట చేర్చి, ఒకదాన్ని బాగా సరిచేసి, వెలుతురు, రంగుల సెట్టింగులు మాత్రమే మిగతావాటికి కాపీ చేయండి. అంచులు కత్తిరించే క్రాప్‌ను మాత్రం కాపీ చేయొద్దు, ఎవరి తలో తెగిపోతుంది.