బురదరాక్షసుడి ఎడమ భుజం

మా అన్నయ్య పళ్ళు కడతాడు. అలాగని డాక్టరేం కాదు. డాక్టరు నోటి అచ్చు తీసి పంపితే, దాన్ని ముందు పెట్టుకుని ల్యాబులో కట్టుడు పళ్ళ సెట్లు తయారుచేస్తాడు. ఎడమ కోరపన్ను ఎంత ఎత్తుంటే కుడిదీ అంతే ఉండాలి. వెంట్రుకవాసి తేడా వచ్చినా ఆయనగారికి అన్నం సహించదు. గోడ మీద క్యాలెండరు కాస్త వంకరగా వేలాడితే భోజనం మధ్యలో లేచి ఎడమచేత్తో సరిచేసి వస్తాడు. అందుకే మా ఇంట్లో అన్నయ్యకి సరిసమానం అని పేరు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదంటుంది మా వదిన. ఆ పుడకలు కూడా సమానంగా పేర్చమంటాడని నేనంటాను.

ఇలాంటి మనిషికి సినిమా రాక్షసుల బొమ్మలంటే పిచ్చి. మూతి వంకరవి, మూడు కళ్ళవి, తోకలవి, అద్దాల బీరువా నిండా ఉన్నాయి. కొత్త బొమ్మ వచ్చిందంటే వదిన తెల్లదుప్పటి లాగి భోజనాల బల్ల వెనక కడతాడు. బొమ్మను దాని ముందు నిలబెట్టి, ఫోన్లో వీడియో తీస్తూ మంచీచెడ్డా చెబుతాడు. రంగు ఎలా ఉంది, కీళ్ళు ఎంతవరకు తిరుగుతాయి, సినిమాలో ఉన్నట్టే ఉందా లేదా, అన్నీ వస్తాయి. ఇక పళ్ళ దగ్గరికి వచ్చాడంటే ఆపడం ఎవరి తరమూ కాదు. "ఇవి పళ్ళాండీ? తెల్లరంగు గీత గీసి పళ్ళనుకోమంటే ఎలా?" అని బొమ్మ చేసిన కంపెనీని దులిపేస్తాడు. ఆ తర్వాత బొమ్మను విప్పి, తనకు నచ్చనివన్నీ మార్చి, మళ్ళీ చూపిస్తాడు. చూసేవాళ్ళు మరీ ఎక్కువమంది లేరు గాని, ఉన్నవాళ్ళు మాత్రం అన్నయ్య మాటను వేదవాక్కులా తీసుకుంటారు.

ఆ బీరువాలో లేని బొమ్మ ఒక్కటే, బురదరాక్షసుడిది. అది మా ఇంటి రాక్షసుడు. చెప్తే నవ్వుతారు గాని, పాత సినిమాలో ఆ రబ్బరు తొడుగు లోపల ఉన్నది మా పెదనాన్నే. స్టూడియోలో అచ్చులు పోసే షెడ్డులో పనిచేసేవాడు. తొడుగు వేసుకోవలసిన నటుడు ఆ వేడికి తట్టుకోలేక పారిపోతే, అక్కడే ఉన్నాడు గదా అని పెదనాన్నను లోపలికి దూర్చేశారు. తెరమీద పేరు వెయ్యలేదు. ముఖం కనబడదు. చివరికి రాక్షసుడి అరుపు కూడా మరొకరిది. మేము బడికి వెళ్ళే వయసు రాకముందే ఆయన పోయాడు.

పెద్దమ్మ అన్నయ్య దగ్గరే ఉంటుంది. కళ్ళు బాగా మసకబారిపోయాయి. వెలుగూ నీడా తెలుస్తాయి, అంతే. టీవీలో ఆ సినిమా వస్తే ఎదురుగా కూర్చుంటుంది గాని, వినిపించే అరుపు ఆయనది కాదాయె. ఇన్నేళ్ళకి ఒక కంపెనీ బురదరాక్షసుడి బొమ్మ చేస్తోందని తెలిసినప్పుడు అందరికంటే ఎక్కువ సంబరపడింది ఆవిడే.

"ఒరేయ్, నీ వీడియోలు అవీ అయ్యాక నా చేతికియ్యి. ఫొటోలూ సినిమాలూ నాకెలాగూ కనబడవు. చేత్తో అయినా ఒకసారి చూస్తాను మీ పెదనాన్నని."

అప్పట్నుంచి గుమ్మంలో గంట మోగితే చాలు, "వచ్చిందా?" అనేది.

వచ్చింది. వీడియో తీసే రోజు నేనూ అక్కడే ఉన్నాను. పెద్దమ్మ లోపలి గదిలో పడుకుని ఉంది. అన్నయ్య అటు తిప్పి ఇటు తిప్పి చూసి, పొలుసులు బాగున్నాయన్నాడు. నాచు రంగు సరిగ్గా కుదిరిందన్నాడు. పళ్ళకి మామూలుగానే నాలుగు చీవాట్లు పెట్టాడు. తర్వాత భృకుటి ముడిపడింది.

"ఇక్కడ చూడండి. ఎడమ భుజం కిందికి జారిపోయింది. కుడి భుజానికీ దీనికీ పొంతనే లేదు. ఇది అచ్చులో వచ్చిన లోపం. ఇంత పేరున్న రాక్షసుణ్ణి ఇలా గూనిగా నిలబెడితే ఎలా? సరే, మనం సరిచేద్దాం."

సరిచేశాడు. సన్న రంపంతో భుజం కోసి, లోపలి కీలు తీసేసి, పళ్ళసెట్లలో చిగుళ్ళకు వాడే గులాబీరంగు ముద్దతో కొత్త భుజం కట్టాడు. గరుకు కాగితంతో రుద్ది, పొలుసులు చెక్కి, రంగు వేశాడు. పళ్ళు కూడా ఒక్కొక్కటే పెట్టాడు. నిజం చెప్పాలంటే అద్భుతంగా వచ్చింది. రెండు భుజాల మీద స్కేలు పెడితే బల్లమీద పెట్టినట్టు నిలిచింది. నేనే పొగిడాను కూడా.

సాయంత్రం బొమ్మను పెద్దమ్మ ఒళ్ళో పెట్టాడు. ఆవిడ చీర చెంగుతో చేతులు తుడుచుకుని రెండు చేతులా పట్టుకుంది. పొలుసులు తడిమి, నోట్లో వేలు పెట్టి, "పళ్ళు భలే ఉన్నాయిరా, మీ పెదనాన్నకి ఇంత మంచి పళ్ళెక్కడివి!" అని నవ్వింది. మేమూ నవ్వాము. వేళ్ళు మెడ మీంచి భుజాల మీదికి జారాయి. కుడివైపు. ఎడమవైపు. మళ్ళీ కుడివైపు. నవ్వు ఆగిపోయింది.

"ఇదెవరిదిరా?"

"అదేంటి పెద్దమ్మా, బురదరాక్షసుడు."

"రాక్షసుడే అయ్యుంటాడులే. ఆయన కాదు." బొమ్మను మెల్లగా అన్నయ్య చేతికి ఇచ్చేసింది. "చిన్నప్పుడు సైకిలు మీంచి పడి ఆయన ఎడమ భుజం ఎముక విరిగింది. వంకరగా అతుక్కుంది. రబ్బరు తొడుగులో దూరినా ఆ భుజం అలాగే వాలిపోయి ఉండేది. ఆ డైరెక్టరు ఎంత అరిచినా లేచేది కాదు. వీళ్ళకి అది తెలీలేదు కాబోలు."

కంపెనీవాళ్ళకి తెలుసు. సినిమా చూసి, ఉన్నది ఉన్నట్టు చేశారు. వినాయకుణ్ణి చేయబోతే కోతి అయిందంటారు. మా అన్నయ్య రాక్షసుణ్ణి సరిచేయబోతే ముక్కూముఖం తెలియని పెద్దమనిషి తయారయ్యాడు. అన్నయ్య అబద్ధమాడటం చేతకాని మనిషి, అక్కడే చెప్పేశాడు.

"వాళ్ళ తప్పు కాదు పెద్దమ్మా. వాలే ఉంది. నేనే లోపమనుకుని లేపేశాను."

పెద్దమ్మ కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. "పోనీలేరా, బాగు చేద్దామనేగా," అని గోడవైపు తిరిగి పడుకుంది. నాకు మాత్రం ఒళ్ళు మండి, వంటింట్లోకి లాక్కెళ్ళి అన్నయ్యను కడిగేశాను.

"ఇంకోటి తెప్పించు."

"అన్నీ అయిపోయాయే. చేసినవే కొన్ని. పాత భుజం రంపంతో పొడైపోయింది. ఎంత వాలి ఉందో కూడా నాకు గుర్తులేదు. లోపమనుకున్నాక సరిగ్గా చూస్తానా?"

"వీడియోలో చూసుకోరాదూ?"

"తీశాక ఒకసారి చూసుకున్నాను. భుజం మట్టుకు ఎదురుగా తీసిందే. వాలు తెలుస్తోంది గానీ, వెనక్కెంత, ముందుకెంత తెలీడం లేదు."

వదిన చారు గరిటె పక్కన పెట్టింది. "ఏమండీ, ల్యాబులో ఏం చేస్తారు మీరు? ముందు మైనంతో కట్టి, నోట్లో పెట్టి చూసి, వాళ్ళు సరే అన్నాకే కదా గట్టి పళ్ళు పోస్తారు? ఈ బొమ్మకి మాత్రం ఎవర్నీ అడక్కుండా భుజం పోసేశారు."

అన్నయ్య అప్పటికప్పుడే ల్యాబుకి వెళ్ళి మైనం తెచ్చాడు.

మర్నాడు ఆదివారం. భుజం మళ్ళీ కోసి, ఆ చోట గోరువెచ్చటి మైనం ముద్ద పెట్టి, పెద్దమ్మ మంచం పక్కన నేలమీద కూర్చున్నాడు. "పెద్దమ్మా, నాకు తెలీదు. నువ్వే చూపించు," అన్నాడు. ఆ మాట అనడం మా సరిసమానానికి ఎంత కష్టమో నాకు తెలుసు.

పెద్దమ్మ లేచి కూర్చుంది. మొదట అన్నయ్యనే నిలబడమంది. తనూ నిలబడి, అన్నయ్య ఎడమ భుజం మీద చెయ్యేసి కిందికి నొక్కింది. "ఇంకా దించు. అబ్బ, కర్రలా బిగుసుకోకురా. కొంచెం ముందుకి. ఆఁ." తర్వాత బొమ్మను తీసుకుని బొటనవేలితో మైనాన్ని నొక్కడం మొదలెట్టింది. ఒకచోట ఎక్కువ దిగితే వెనక్కి లాగింది. చల్లారి గట్టిపడితే అన్నయ్య వేడి చేసి ఇచ్చాడు. మళ్ళీ నొక్కింది.

వేలు ఆగింది. కాసేపు కదలకుండా ఉంది.

"అంత ఖచ్చితంగా ఎలా గుర్తుంది పెద్దమ్మా?" అని అడిగాను.

"నేను పొట్టిదాన్ని కదే. కుడి భుజం నాకెప్పుడూ అందలేదు. తల పెట్టుకోవడానికి ఇదొక్కటే అందేది."

బొమ్మను చెంపకి ఆనించుకుంది. నాకు ఏడుపాగలేదు. అన్నయ్య, ఆవిడ ఇచ్చాక, మైనం మీది బొటనవేలి గుంటను చూసుకున్నాడు. చుట్టూ అచ్చు పోసి, ఆ గుంట అలాగే ఉండేటట్టు గట్టి భుజం చేశాడు. గరుకు కాగితం ముట్టుకోలేదు.