మొగదిషుకి కట్టిన బాక్సు

2007లో నేను దుబాయ్‌లో ఒక ఇంగ్లీషు దినపత్రికలో విదేశీ వార్తల పేజీ చూసేవాణ్ణి. ఎండలు ముదరకముందే సోమాలియా రాజధాని మొగదిషులో వీధి పోరు మొదలైంది. ఇథియోపియా సైన్యం, అక్కడి ప్రభుత్వ బలగాలు ఒకవైపు, తిరుగుబాటుదార్లు మరోవైపు. కొన్నాళ్ళు ఫిరంగులు పేలాక తెగల పెద్దలు మాట్లాడి కాల్పులు ఆపించారు.

ఆగగానే మా న్యూస్ ఎడిటర్ దానికొక పేరు పెట్టాలన్నాడు. పేరుంటేనే పాఠకుడు గుర్తు పెట్టుకుంటాడట. ‘మొగదిషు యుద్ధం’ అందామంటే, ఆ పేరు 1993లో అమెరికా సైనికులు చిక్కుకున్న పోరుకి ఎప్పుడో అతుక్కుపోయింది. స్టేడియం చుట్టూ ఎక్కువగా కొట్టుకున్నారు కాబట్టి ‘స్టేడియం యుద్ధం’ అని పెట్టి, వార్త పక్కన ముఖ్య వివరాలతో ఒక బాక్సు కట్టమన్నాడు.

పేజీలు పెట్టే నెల్లూరు భాయ్ ఆ నెలంతా క్రికెట్ ప్రపంచ కప్పు బాక్సులే కడుతున్నాడు. అందులోదే ఒకటి తీసి అంకెలు మార్చాడు. వేదిక, ప్రారంభం, ముగింపు, ఫలితం. గడి ఖాళీగా వదిలితే న్యూస్ ఎడిటర్ ఊరుకోడు. ముగింపు దగ్గర కాల్పులు ఆగిన రోజు వేశాం. ఫలితం దగ్గర ‘తేలలేదు’ అని వేశాం. పేజీ అందంగానే వచ్చింది.

మర్నాడు సాయంత్రం షార్జాలో మా ఇంటి కింది అంతస్తులో ఉండే సోమాలీ ఆయన తలుపు కొట్టాడు. దుబాయ్ దేరా బజార్లో మేకలు దిగుమతి చేసే కంపెనీలో గుమాస్తా. హిందీ మనకంటే బాగా మాట్లాడతాడు. అతని అక్క ఇల్లు ఆ స్టేడియం వెనకే. ఆమెకీ పిల్లలకీ వీసా పెట్టడానికి కఫీల్, అంటే వాళ్ళ కంపెనీ యజమాని, ఒప్పుకున్నాడు. సంతకం పెట్టాల్సిన పూట మా పేపరు చదివాడు. చిన్నప్పుడు బొంబాయిలో చదువుకున్న ముసలాయన, మా పేపరు అక్షరం వదలడు. ‘జంగ్ ఖలాస్. పేపర్లో వచ్చింది. ఇంక వీసా ఎందుకు?’ అన్నాడట.

“భాయ్, రేపటి పేపర్లో యుద్ధం మళ్ళీ మొదలుపెట్టు,” అన్నాడు సోమాలీ ఆయన, హోటల్లో టీ చెప్పినంత మామూలుగా.

అక్కడ మొదలైతేనే ఇక్కడ వేస్తామని చెప్పాను.

“అక్కడెప్పుడు ఆగింది? ఆగింది మీ పేపర్లోనే.”

అక్కతో అతనికి ఫోన్ కలవడం లేదు.

అతను అన్నట్టే కొన్నాళ్ళకి ఫిరంగులు మళ్ళీ పేలాయి. ఇది పాత యుద్ధమేనంటే మా ముగింపు తేదీ తప్పయిపోతుంది, సవరణ వేసుకోవాలి. సవరణ అంటే న్యూస్ ఎడిటర్‌కి గిట్టదు. ‘రెండో స్టేడియం యుద్ధం’ అని కొత్త బాక్సు కట్టించాడు.

ఆ పేపరు పట్టుకుని సోమాలీ ఆయన కఫీల్ దగ్గరికి పరిగెత్తాడు. కఫీల్ రెండు బాక్సులూ పక్కపక్కన పెట్టి చూశాడట. మీ అక్క మొదటి దాంట్లో కదా ఉంది, అది అయిపోయింది, ఈ రెండోది వేరేవాళ్ళది అని తేల్చాడట.

ఈ సంగతి డెస్కులో చెప్పాను. మనిషి ప్రాణం సంగతని కూడా అన్నాను. న్యూస్ ఎడిటర్ బాధపడ్డాడు గానీ కదల్లేదు. ఆయన విశాఖ ఆయన, మంచివాడే. చివరికి నెల్లూరు భాయ్ కంప్యూటర్ మీంచి తల తిప్పకుండానే మాట్లాడాడు.

“టెస్టులో వానొచ్చి ఆటాగిందనుకోండి సార్. మళ్ళా మొదలైతే అది ఇంకో మ్యాచ్చా? ఆ మ్యాచ్చే గదా.”

న్యూస్ ఎడిటర్ కుర్చీ భాయ్ వైపు తిప్పాడు.

“ఆ ముక్క ముందే చెప్పలేకపోయేరేటి?” అన్నాడు.

మర్నాటి బాక్సులో ‘రెండో’ పోయింది. ముగింపు దగ్గర ‘కొనసాగుతోంది’ అని వచ్చింది. సవరణ వెయ్యలేదు. కఫీల్ పొద్దున్నే సంతకం పెట్టాడు. మధ్యలో వచ్చింది విరామమని తనకెందుకు చెప్పలేదని గుమాస్తానే కసిరాడట.

అక్క జాడ ఎవరెవరి ద్వారానో తెలిసింది. పిల్లలతో పక్క దేశం జిబూతీ మీదుగా వచ్చింది. ఆ శుక్రవారం నెల్లూరు భాయ్‌నీ నన్నూ భోజనానికి పిలిచారు. మేకమాంసం అన్నంలో అరటిపండు నంజుకోవడం వాళ్ళ పద్ధతి. తింటుండగా సోమాలీ ఆయన బాక్సు తెచ్చి అక్కకి గర్వంగా చదివి వినిపించాడు. ఆమె ప్రారంభం తేదీ మళ్ళీ చెప్పమంది. తర్వాత నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతూ చాలాసేపు ఏదో చెప్పింది. తమ్ముడు మాకు హిందీలో చెప్పాడు.

మేం ప్రారంభం అని వేసిన రోజుకి చాలా ముందే ఆమె పెరట్లో గుండు పడిందట. ఆ పూటే పిల్లల్ని తీసుకుని ఊరు దాటిపోయింది. మా యుద్ధం మొదలై, ఆగి, మళ్ళీ మొదలైనన్నాళ్ళూ ఆమె రోడ్డు పక్కన ప్లాస్టిక్ పట్టా కింద ఉంది. మా లెక్కన ఆమె ఆ యుద్ధంలో లేనే లేదు.

నెల్లూరు భాయ్ తినడం ఆపి, ప్రారంభం తేదీ మార్చాలేమోనని నాతో అన్నాడు.

సోమాలీ ఆయనకి తెలుగు రాకపోయినా మా మొహాలు చూసి విషయం అర్థమైంది. వీసా పొడిగించడానికి కఫీల్ సంతకం ఇంకోటి కావాలి. బాక్సులో ఏది మారినా ఆయన లెక్క మళ్ళీ మొదటికొస్తుంది.

“ఉండనీ భాయ్,” అన్నాడు. “ఆయన రోజూ మీ పేపర్ చదువుతాడు.”