ఆగని మోటారు

చిక్కడపల్లిలో మా కింది వాటా జగదీశ్వర్ గారు ట్రెజరీ ఆఫీసులో పనిచేసి రిటైరయ్యారు. లెక్క చూపించనిదే దేవుణ్ణయినా నమ్మే రకం కాదు. అలాంటి మనిషి లెక్కా పత్రం లేకుండా నమ్మింది ఒక్కటే, వాళ్ళింటి ఆకుపచ్చ ఫ్రిజ్. పెళ్ళయిన కొత్తలో కొన్నది. ఒంటి తలుపు, పిడికే తాళం, లోపల పైన చిన్న ఐసు పెట్టె. కాకిపిల్ల కాకికి ముద్దు. పెరుగులో మంచు పలుకులు కనిపిస్తే మమ్మల్ని పిలిచి మరీ చూపించేవారు.

"గింత సల్లగ చేస్తదా మీ కొత్తది?"

మా ఇంట్లో పెరుగు పెరుగులాగే ఉంటుందంటే జాలిపడేవారు.

ఆయన భార్య కమల గారికి షుగర్. రెండు పూటలా ఇన్సులిన్ వేసుకుంటారు. ఎండాకాలం మొదట్లో షుగర్ ఉన్నట్టుండి పెరిగింది. నారాయణగూడ డాక్టరు మోతాదు పెంచాడు, మళ్ళీ పెంచాడు, చివరికి స్వీట్లేమైనా తింటున్నారా అని అడిగాడు. ఆమె తినలేదన్నారు. జగదీశ్వర్ గారు మాత్రం చేతిలో ఉన్న రిపోర్టునే నమ్మారు. ఇంటికి రాగానే, కూతురు పంపిన పాలకోవా ఉన్న ఫ్రిజ్‌కి తాళం వేసి చెవి జేబులో వేసుకున్నారు. అప్పట్నుంచి ఆమె తన మందుకి కూడా ఆయన్ని అడగాల్సిందే. ఆయన పక్కన నిలబడి తీయించేవారు. చూస్తుంటే నాకు ఒళ్ళు మండేది.

"మందు గడ్డ కడ్తున్నది," అని ఆమె ఒకసారి అన్నారు.

"మందు ఎంత సల్లగుంటె అంత మంచిది," అన్నారాయన. ఆమె సీసాను అరచేతుల్లో పెట్టుకుని, కరిగాక వేసుకునేవారు.

ఆ మధ్య అశోక్ నగర్ నుంచి మేనల్లుడు హర్ష వచ్చాడు. "మామా, ఈ డబ్బా కరెంటు మస్తు తాగుతది. తీసెయ్యరాదు," అన్నాడు. పెద్దాయనకు పౌరుషం వచ్చింది. కోఠీ వెళ్ళి, ప్లగ్గుకీ సాకెట్టుకీ మధ్య పెట్టే చిన్న మీటరు కొనుక్కొచ్చారు. ఒక రోజు మా ఫ్రిజ్‌కి, మర్నాడు తనదానికి పెట్టారు. మాది ఒక యూనిట్ దాటలేదు. ఆయనది మూడు దాటింది.

మీటరే దొంగదన్నారు. మళ్ళీ పెట్టి చూస్తే మళ్ళీ అంతే. ఇక స్టూలు వేసుకుని ఫ్రిజ్ ముందు కూర్చున్నారు. మాదాంట్లో మోటారు కాసేపు తిరిగి ఆగేది, ఆగగానే మీటరు మీద వాట్ల అంకె పడిపోయేది. ఆయనదాంట్లో అంకె పడదే. భోజనం చేసి వచ్చి చూశారు, కునుకు తీసి వచ్చి చూశారు. మోటారు తిరుగుతూనే ఉంది. సరిపడా చల్లబడ్డాక దాన్ని ఆపాల్సిన థర్మోస్టాట్ ఎప్పుడో చెడిపోయింది. మాకు చూపించిన మంచు పలుకులన్నీ దాని చలవే.

లెక్క తేలేదాకా వదిలే మనిషి కాదు కదా. తాళం తీసి లోపల ఒక్కొక్కటే ముట్టుకుని చూశారు. కొత్తిమీర పుల్లల్లా విరిగింది. ఐసు పెట్టె పక్కనున్న ఇన్సులిన్ సీసాను ఊపితే మందు కదల్లేదు. దాన్ని పట్టుకుని నారాయణగూడ మందుల షాపుకు బయల్దేరారు. ఆయన మొహం చూసి నేనూ వెంట వెళ్ళాను.

"ఒక్కసారి గడ్డ కట్టినంక కరిగినా పనిచెయ్యది సార్," అన్నాడు షాపాయన. "ఎన్ని రోజుల సంది వాడుతున్రు ఇట్ల?"

జగదీశ్వర్ గారు కొత్త సీసా కొని, మా ఫ్రిజ్‌లో పెట్టమని నా చేతికిచ్చారు. మొదటిసారి ఆయన మీద జాలేసింది. కోపం మాత్రం పోలేదు.

ఇంటికొచ్చేసరికి కమల గారు వరండాలో గోంగూర ఆకు తుంచుతున్నారు. ఆయన ఎదురుగా నిలబడి మోటారు సంగతి, మందు సంగతి దాచకుండా చెప్పారు.

"నువ్వు తినలే కమలా," అన్నారు చివరికి. "తప్పు నాదే."

ఆమె తలెత్తలేదు. "మూడు నెలల సంది నేను జెప్తె వినలే. మీటర్ జెప్తె విన్నరు."

ఆమె ఇంకో కట్ట విప్పారు.

"ఎవ్వరికి జెప్పలే గని, నాక్కూడ అనుమానమొచ్చింది, నిద్రల లేసి తింటున్ననేమో అని. పొద్దుగాల కండ్లు తెరుస్తనే, నోట్ల తీపి ఉన్నదా అని చూసుకుంటుంటి."