పోలింగు నాటి విస్తరి

మా ఆయన మొదటిసారి ఎమ్మెల్యే అయినప్పుడు నేను కసాపురం పోయి ఆంజనేయస్వామికి ఆకుపూజ చేయించాను. గెలిచినందుకని అందరూ అనుకున్నారు. ప్రచారం సాగినన్నాళ్లూ వాకిట్లో జీపు చప్పుడు వినపడేదాకా నాకు అన్నం సహించేది కాదు. ఆయనా, ఆయన వెంట తిరిగినవాళ్లూ ఒంటిమీద దెబ్బ లేకుండా ఇల్లు చేరారు. నా మొక్కు దానికి. ఆ రోజుల్లో మా వైపు ఎన్నికలు ఎట్లా ఉండేవో తెలిసినవాళ్లకు ఇంతకంటే చెప్పనక్కర్లేదు.

మాది బెళుగుప్ప వైపు మెట్ట పల్లె. వాన పడితే చెనక్కాయ పండేది, లేకపోతే దుక్కి దున్ని ఆకాశం వైపు చూస్తూ కూర్చోవడమే. మా మామ కాలం నుంచి ఊరంతా ఒకటే పార్టీ. పోలింగు రోజు ఒక్కో పార్టీ తరఫున ఒక్కో మనిషి బూత్‌లో కూర్చుంటాడు కదా, ఏజెంటు అని. మా ఊళ్లో అవతలి పార్టీకి అట్లా కూర్చునే మనిషే దొరికేవాడు కాదు. అది మా ఇంటి మగవాళ్లకు పెద్ద గొప్ప. పెళ్లిచూపులకు వచ్చినవాళ్లకు కూడా చెప్పుకునేవాళ్లు.

ఇంకొక పద్ధతి కూడా మామ పెట్టిందే. పోలింగు మధ్యాహ్నం బూత్ పెట్టిన బడిలో ఉన్న అధికారులకూ, పోలీసులకూ, ఏజెంట్లకూ మా ఇంటి నుంచే భోజనం పోయేది. చిత్రాన్నం, పెరుగన్నం, బెల్లం ఓళిగ. మామ పోయాక కూడా అత్తమ్మ దగ్గరుండి వండించేది. నేను బడికి పోయి చదువుకున్నదాన్ని కాను. మా నాయన ఇంట్లోనే ఇసుకలో అక్షరాలు దిద్దించినాడు. ఆ పుణ్యాన నాలుగు స్తోత్రాలు చదువుకోగలుగుతున్నాను. బడి గడప నేను మొట్టమొదట తొక్కింది ఓటు వేయడానికే.

మా వీధి చివర గొర్రెలు కాచుకునే కుటుంబం ఒకటి ఉండేది. ఆయన్ను ఊరంతా గొర్రెలాయన అనే పిలిచేది. నా రెండో బిడ్డ పుట్టినప్పుడు నాకు పాలు పడలేదు. ఆ ఏడాదంతా ఆయన భార్య తెల్లారేసరికి చెంబుడు మేకపాలు తెచ్చి వసారాలో పెట్టి పోయేది. ఒక్కరోజు కూడా తప్పలేదు. నా బిడ్డను బతికించింది ముందు దేవుడు, తరువాత ఆ ఇల్లు.

ఆ తరువాత వరసగా కరువులు వచ్చాయి. ప్రభుత్వం పశువులకు గడ్డి పంపించింది. అది మా మరిది చేతుల మీదుగా పంచారు. గొర్రెలాయన వచ్చి అడిగితే మరిది నవ్వినాడు.

"నీ గొర్రెలకెందుకప్పా గడ్డి? రాళ్లు మేసైనా బతుకుతాయిలే అవి."

అక్కడున్నవాళ్లంతా నవ్వారు. గొర్రెలాయన నవ్వలేదు. మళ్లీ ఎన్నికలు వచ్చినప్పుడు, పోలింగు పొద్దున బడిలో అవతలి పార్టీ ఏజెంటుగా తెల్లచొక్కా వేసుకొని కూర్చున్నాడు.

మధ్యాహ్నం విస్తర్లు కడుతుంటే వంటమనిషి అడిగింది. "అమ్మా, ఆయప్పకు గూడా పంపాల్నా?"

"పంపకుండా యెట్లే?" అన్నది అత్తమ్మ. "అందురూ తింటాంటే ఒకడు గోడకల్ల చూస్తా కూసోవాల్నా? పోయి పెట్టండి."

నేను ఓటు వేసి బయటికి వస్తున్నప్పుడు చూశాను. వరండాలో అందరితో పాటు ఆయన ముందు కూడా విస్తరి పరిచారు. ఆయన పార్టీవాళ్లు పంపుతామన్న భోజనం ఇంకా రాలేదు. ఆయన కాసేపు విస్తరి వైపు చూశాడు. లేచి చేతులు కడుక్కొని వచ్చి తిన్నాడు. తల ఎత్తలేదు.

సాయంత్రానికే టీ అంగడి దగ్గర మొదలైంది. "ఏం మామా, ఎమ్మెల్యే ఇంటి ఓళిగ తీపిగా ఉండెనా?" "కూడు ఈపక్క, కూత ఆపక్కనా?" మా ప్రాంతంలో ఎన్నికలప్పుడు ఎవరింట్లో చెయ్యి కడిగితే వాళ్ల మనిషే అని లెక్క. గొర్రెలాయనను ఆయన పార్టీ నాయకుడు పిలిపించి అడిగాడట. తాను మారలేదని దేవుని మీద ప్రమాణం చేస్తే ఊరుకున్నారట.

మా ఆయన ఓడిపోయారు. పేపర్లు పోయి మిషన్లు వచ్చాక ఏ ఊళ్లో ఎవరికెన్ని పడ్డాయో ఇట్టే తెలిసిపోతుంది. మా ఊళ్లోనే అవతలి పార్టీకి ఓట్లు పడ్డాయని తెలిసినప్పుడు మా మరిది ముఖం చూడలేకపోయాను. ఓడినందుకంటే దానికే ఎక్కువ కుమిలిపోయినాడు.

"మన ఉప్పు తిని మన ఇంటికే గుంత తవ్వినాడు వాడు," అన్నాడు. మర్నాటి నుంచి మా బోరు దగ్గరి తొట్టిలో గొర్రెలాయన మందను నీళ్లు తాగనివ్వలేదు. ఆ ఎండల్లో ఊరికంతటికీ పశువులు తాగే తొట్టి అదొక్కటే. మంద తొట్టి దాకా వచ్చి, వాసన పట్టి, అరుస్తూ తిరిగిపోయేది. ఆ అరుపులు పూజ చేసుకుంటుంటే కూడా వినపడేవి.

నేను మా ఆయనను అడిగాను. పేపరు దించకుండానే చెప్పారు.

"తమ్ముని మాట నేను కాదంటే, ఓడిపోయినాక భయపడినాడంటారు. రెండు దినాలు ఓర్చుకో."

"గొర్రెలు ఓర్చుకుంటాయా?" అన్నాను. ఆయన పేపరు తిప్పారు. చెడ్డ మనిషి కాడు నా భర్త. మళ్లీ నిలబడాలనుకున్నాడు, అంతే.

అత్తమ్మ ఇదంతా వింటూనే ఉంది. పొద్దున స్నానం చేసి, చీర మార్చుకొని, "రా" అని నన్ను వెంటబెట్టుకొని వీధిలోకి నడిచింది. మామ పోయినప్పటి నుంచి ఆమె బయట పచ్చి మంచినీళ్లు ముట్టి ఎరగదు, దగ్గరి బంధువుల ఇళ్లలో కూడా. తిన్నగా పోయి గొర్రెలాయన ఇంటి అరుగు మీద, నలుగురికీ కనపడేటట్లు కూర్చుంది.

"ఏమే, సంగటి ఉండాదా? ఆకలైతాండాది."

గొర్రెలాయన భార్య గడపలోనే నిలబడిపోయింది. "పెద్దమ్మా, మా ఇంట్లోనా... మీరు..."

"మేం పెట్టింది నీ మొగుడు తిన్యాడు. ఇంగ మీరు పెట్టింది మేం తింటే సరికి సరి. యెవునికీ యెవుడూ బాకీ ల్యా. పెట్టు."

ఆమె సంగటి ముద్దలు, చెనక్కాయల ఊరిబిండి పచ్చడి తెచ్చి పెట్టింది. అత్తమ్మ మెల్లగా, మొత్తం తిన్నది. నేనూ తిన్నాను. కారానికి నా కళ్ల వెంట నీళ్లు వచ్చాయి. అది కారమే అని ఆమెకు చెప్పాను. వీధిలో పోయేవాళ్లు నిలబడి చూసి పోతున్నారు. గొర్రెలాయన మాత్రం దొడ్డి దగ్గరే నిలబడ్డాడు, అరుగు వైపు రాలేదు. సిగ్గుపడుతున్నాడనుకున్నాను.

అక్కడి నుంచి అత్తమ్మ తొట్టి దగ్గరికి పోయింది. "నేను వాళ్లింటి కూడు తింటి," అన్నది చిన్న కొడుకుతో. "ఇంగ వాని గొర్రెలకు నీళ్లు ఆపితే నాకు ఆపినట్లే."

మరిది నవ్వలేక నవ్వినాడు. "నువ్వే నిలబడింటే బాగుండునమ్మా. గెలిచిందుము."

ఆ సాయంత్రం మంద తొట్టి చుట్టూ చేరి తాగుతుంటే ఆ చప్పుడు వింటూ దేవుని ముందు చాలాసేపు కూర్చున్నాను. ఇటువంటి అత్తను ఇచ్చినందుకు దండం పెట్టుకున్నాను.

మా ఊరి తొట్టి ఒక్కటే చాలదని మాకు తట్టలేదు. గొర్రెలు తాగేది మా ఊళ్లో. మేసేది అవతలి ఊరి పొలాల్లో. కోత అయిన చేలలోకి మందను తోలుకుపోతే, రాత్రిపూట మంద కట్టించుకొని, ఎరువు దక్కినందుకు ఆ రైతులు ధాన్యం ఇచ్చేవాళ్లు. ఆ ఊరంతా అవతలి పార్టీ. మాజీ ఎమ్మెల్యే తల్లి ఆయన అరుగు మీద సంగటి తిన్నదన్న మాట మరునాటికే అక్కడికి చేరింది. బూత్‌లో తిన్న విస్తరిని ప్రమాణం చేసి తుడిచేసుకున్నాడు గానీ దీన్ని ఎట్లా తుడుచుకుంటాడు? గొర్రెలు తమ చేలలో కాలు పెడితే ఊరుకోబోమని ఆ ఊరి నుంచి కబురు వచ్చింది. మా ఊరి పొలాల్లో మేతకు గరిక కూడా లేదు.

కొన్ని వారాల్లోనే మందను అమ్మేశాడు. గుంతకల్లులో భార్య తమ్ముడు ఉన్నాడు, అక్కడ మూటలు మోసే పని దొరుకుతుందట. పోయే ముందు చెప్పి పోదామని మా ఇంటికి వచ్చాడు, ఒక్కడే. వాకిట్లోనే నిలబడ్డాడు.

"లోపలికి రాప్పా," అన్నాను.

"వద్దులేక్కా. ఈడనే చెప్పి పోతా."

"అత్తమ్మ నీ మంచికే కదా..."

"మంచికే. నాకు తెలుసు." తల గోక్కున్నాడు. "ఆ పొద్దు బడిలో విస్తరి ముందర నుంచి లేచిపోతే పెద్దమ్మకు అవమానమని తింటి. ఆమె మా ఇంటికొచ్చినపుడు గూడా వద్దని చెప్పేకి నోరు రాల్యా. ఒట్టేసి చెప్తాండా అక్కా, మీమింద నాకు కోపం ల్యా. కానీ ఇంగ మాకెవురికీ మంచి చేయొద్దని చెప్పు పెద్దమ్మకు."

వంటింటి తలుపు చాటున అత్తమ్మ ఉందని మా ఇద్దరికీ తెలుసు. ఆమె బయటికి రాలేదు.

ఎండలో నడిచి వచ్చిన మనిషి, పెదాలు ఎండిపోయి ఉన్నాయి. అలవాటు కొద్దీ నేను లోపలికి పోయి గ్లాసుతో మజ్జిగ తెచ్చాను. ఆయన గ్లాసు వైపు చూసి, తిరిగి వీధి వైపు చూశాడు. ఎదురింటి అరుగు మీద ఇద్దరు కూర్చుని మాకేసే చూస్తున్నారు. ఆయన చెయ్యి సగం లేచి ఆగింది. వద్దని ఆయన ఎప్పటికీ అనలేడని నాకు అర్థమైంది.

గ్లాసు నేనే వెనక్కి తీసుకున్నాను. "పోయిరా నాయనా," అన్నాను.