రేకు కవచం

మా బాపు కరెంటు స్తంభాలెక్కే లైన్‌మన్. డెబ్బైల్లో శాలిబండలో ఉండేవాళ్లం. వినాయక చవితికి పందిరి దగ్గర బస్తీవాళ్లు ఏటా నాటకం ఆడేవారు. కవచకుండలాలతో పుట్టిన సూర్యుడి కొడుకు వేషం బాపుదే. పక్క గల్లీలో బకెట్లు చేసే చాచా నూనె డబ్బాల రేకును సాగగొట్టి, బాపు ఛాతీ కొలతకు కవచం చేసిచ్చాడు. అమ్మ దానికి పసుపు రంగు వేసింది.

నాకు ఎనిమిదేళ్లప్పటి నాటకం ఇంకా కళ్లముందే ఉంది. బ్రాహ్మణ వేషంలో వచ్చిన ఇంద్రుడు కవచం దానమడిగాడు. ఆ ఇంద్రుడు మాకు పాలు పోసే ఆయనే. ఇస్తే ప్రాణానికి రక్షణ ఉండదని తెలిసీ ఆ వీరుడు కాదనడు, ఒంటి నుంచి చర్మంలా ఒలిచి ఇస్తాడు. బాపు వీపు మీది తాళ్లు విప్పుతున్నాడు. ఆడవాళ్ల వైపు నుంచి అమ్మ లేచి నిలబడింది.

"ఇయ్యకు" అంది.

ఎవరూ నవ్వలేదు. బాపు పాడాల్సిన పద్యం వదిలేసి, ఇంట్లో మాట్లాడినట్టే, "అడిగినంక లేదని ఎట్లంటనే?" అన్నాడు. ఇచ్చేశాడు. నాటకమయ్యాక కవచం పాలాయన ఇంట్లోనే ఉండిపోయింది.

ఆ నెలలోనే, వానలో తెగిన తీగ కట్టబోయి బాపు స్తంభం మీదే ప్రాణం వదిలాడు.

దినాలయ్యాక పాలాయన గోనెసంచిలో చుట్టిన కవచం తెచ్చి గడప మీద పెట్టాడు. అది ఇంట్లో ఉంటే కంటికి కునుకు రావడం లేదన్నాడు.

"నువ్వు అడిగినవ్, ఆయన ఇచ్చిండు. ఇప్పుడు వాపస్ తెస్తె ఎవరికి తొడగాలె?" అంది అమ్మ. అయినా తీసుకుంది.

నాకే తొడిగింది. ఉరిమినప్పుడల్లా తొడిగేది. అది నా మోకాళ్లదాకా వచ్చేది. లోపల బాపు చెమట వాసన. నా గుండె చప్పుడు రేకుకు తగిలి మళ్లీ వినిపించేది, అది నాదేనని నమ్మబుద్ధి అయ్యేది కాదు. తీయమని అడగాలంటే భయం. తీశాక ఇంకా భయం.

ఒక మధ్యాహ్నం బాపుతో పనిచేసిన ఆయన వానలో తడుస్తూ మమ్మల్ని చూడటానికి వచ్చాడు. కవచంలో ఉన్న నన్ను చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"వదినా, మెరుపులల్ల పిల్లకు రేకు తొడుగుతరా? కరెంటు దాన్నే పట్టుకుంటది" అన్నాడు మెల్లగా.

అమ్మ నన్ను దగ్గరికి లాక్కుంది. తాళ్ల ముడి రాకపోతే పళ్లతో కొరికి విప్పింది.

మరుసటి ఏడాది బాపు వేషం వేరే మనిషి కట్టాడు. బస్తీవాళ్లు కవచం అడిగితే అమ్మ ఇచ్చేసింది కానీ మేం నాటకానికి పోలేదు. మైకు మాత్రం ఇంటిదాకా వినిపించింది. దానమడిగే ఘట్టంలో పాలాయన గొంతు మొదలుపెట్టి ఆగిపోయింది. చాలాసేపు మైకులో గాలి శబ్దమే. అమ్మ రొట్టె పెనం మీదే వదిలేసి, చెవొగ్గి నిలబడింది. అతను అడగలేకపోయాడనీ, నాటకం అక్కడితోనే ఆపేశారనీ తర్వాత తెలిసింది.

పొద్దున అతను పాలు పోయడానికి వచ్చాడు. అమ్మ ఏమీ అడగకుండా గిన్నె పట్టింది.