కొత్త కార్బురేటర్‌తో నాన్న జీపు

ఈరోజు చేతులకంటిన పెట్రోలు వాసన నన్ను చిన్నప్పటి పాడేరుకు లాక్కుపోయింది. మనుషుల్నీ సరుకునీ తిప్పే మా నాన్న సర్వీసు జీపులో, పసుపు బస్తాల మీద కూర్చుని హుకుంపేట సంతకు వెళ్లేవాళ్లం, గుర్తుందా ఫ్రెండ్స్?

నాన్న పోయాక మూలనపడిన ఆ జీపును తుక్కుకి ఇచ్చేద్దామన్నాడు అన్నయ్య. నేను ఒప్పుకోలేదు. దాని అసలు కార్బురేటర్ పాడైపోయింది, అలాంటిది ఇప్పుడు దొరకదు, అందుకే వేరే కంపెనీది తెప్పించి నేనే బిగించాను. స్టార్ట్ చేస్తే గుప్పున నల్లపొగ వదిలి ఆగిపోయింది.

"ఇది అవ్వదే గుంటా, ఒగ్గెయ్," అన్నాడు అన్నయ్య.

పెట్రోలు ఎక్కువవుతోందని అర్థమై, చెవి పెట్టి వింటూ, పెట్రోలు-గాలి పాళ్లు సరిచేసే మిక్చర్ స్క్రూ కొంచెం కొంచెంగా తిప్పాను. ఇంజిన్ నిలకడగా తిరిగింది!

అమ్మను పక్కన కూర్చోబెట్టుకుని జీపును ఘాట్ రోడ్డు ఎక్కించాను. ఎక్కడా ఆగలేదు. పైకి చేరాక అమ్మ దిగనంది.

"బేగి బండి తిప్పే, ఇంకోపాలి ఎక్కుదాం!"